సరిచేసిన నాలుగో మెట్టు

ఆ ఆదివారం పొద్దున ఆ ఇంట్లో చెయ్యాల్సిన పని ఒక్కటే. అమ్మాయిని తొమ్మిదింటిలోగా స్టేడియంలో దింపాలి. మేనమామ కారు నడుపుతాడు, తల్లి సంచీ సర్దుతుంది, తండ్రి ఎవరికీ అడ్డం రాకుండా ఓ మూల కూర్చుంటాడు. అంతే. ఈ మాత్రం దానికి తల్లి ముందురోజు నుంచీ ఒక్కొక్కరికీ పదేసిసార్లు చెప్పింది, చెప్పిన ప్రతిసారీ గొంతు పెంచింది. ఇంత సులువైన పనిని కూడా చెడగొట్టగల సమర్థులు తన ఇంట్లో ఉన్నారని ఆవిడ గట్టి నమ్మకం.

అమ్మాయిని ఇంట్లో అందరూ మిడత అంటారు. లాంగ్‌జంప్ చేస్తుంది. జూనియర్ జట్టు ఎంపిక ఇవాళే. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది కాబట్టి ఇదే ఆఖరి అవకాశం. పోయినేడు ఎంపిక దగ్గరపడ్డాక మైదానంలో చీలమండ బెణికింది. ఆ వేళకి తల్లి డ్యూటీలో ఉంది. నానమ్మ వేడినూనె పోసి, పిడికిలితో కసిదీరా తోమి, "కటుక్కుమంటే సర్దుకుంటుంది" అని పాదాన్ని ఓ తిప్పు తిప్పింది. నిజంగానే ఏదో కటుక్కుమంది. పిల్ల నొప్పి దాచిపెట్టి, వాపు తగ్గకముందే పరుగుకి దిగి, మళ్లీ అదే కాలు బెణికించుకుంది. కోచ్ పేరు కొట్టేశాడు. ఆ ఏడాది అలా మట్టికొట్టుకుపోయింది.

తల్లి పెద్దాసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. ఊరందరి చీలమండలూ ఆవిడ చేతిమీదుగానే నయమవుతాయి. సొంతింట్లో మాత్రం ఆవిడ మాట వినే నాథుడు లేడు. పోయినేడు రేగిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఆ కోపంతోనే కూతురి చేత వ్యాయామం చేయించింది. పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడాలి. అది వచ్చాక కళ్లు మూసుకుని నిలబడాలి. అదీ వచ్చాక మెత్తటి దిండు మీద నిలబడాలి. "ఇంకెన్నాళ్లమ్మా ఈ కొంగ బతుకు?" అని పిల్ల విసుక్కుంటే, "నీ బుర్రతో పని లేకుండా నీ పాదం దానంతటదే నిలదొక్కుకునేదాకా" అని కసిరేది.

ఇక మెట్టు సంగతి. పైగదుల నుంచి హాల్లోకి దిగే మెట్లలో కింది నుంచి నాలుగోది మిగతావాటి కంటే రెండు వేళ్లు పల్లంగా ఉండేది. ఇల్లు కట్టించింది తండ్రే. ఆయన వృత్తీ అదే, ఇంజనీరు. ఊళ్లోవాళ్లకి మేడలు కట్టించే మనిషి. ఆ మెట్టు తప్పు అంటే మాత్రం ఒప్పుకోడు. "అది డిజైన్" అంటాడు. ఏం డిజైనో అడిగితే అప్పుడే ఫోన్ వస్తుంది ఆయనకి. ఇంటివాళ్లు ఆ మెట్టు మీద ఎన్నడూ పడలేదు. అక్కడికి రాగానే మోకాలు కాస్త ఎక్కువ వంచి, మూడోదాని మీద తేలిగ్గా కాలేసి దిగిపోతారు, ఆ సంగతి వాళ్లకే తెలియదు. పడేదల్లా చుట్టాలు. వాళ్లని సోఫాలో పడుకోబెట్టి కట్లు కట్టలేక తల్లికి తల ప్రాణం తోకకొచ్చేది. "ఏదో ఒకరోజు ఆ మెట్టు నా కూతురి కాలు విరగ్గొడుతుంది, సరిచేయించండి మహాప్రభో" అని ఏళ్ల తరబడి నెత్తీ నోరూ కొట్టుకుంది. "చూద్దాంలే" అనేవాడు ఆయన.

ఆఖరికి చూశాడు. ఆడవాళ్లంతా మామయ్య ఇంటికి వెళ్లి నాలుగురోజులు ఉంటే, అదే అదనుగా మేస్త్రిని పిలిపించాడు. మేస్త్రి పాత రాయే తీసి, కింద సిమెంటు వేసి, ఎత్తు సరిచేసి మళ్లీ పరిచాడు. కంటికి తేడా తెలియదు. ఆరేదాకా కాలు పెట్టొద్దన్నాడని ఇంజనీరు హాల్లో సోఫా మీదే పడుకున్నాడు. శనివారం రాత్రి మామయ్య కారులో అందరూ తిరిగొచ్చారు. మెట్లెక్కేటప్పుడు ఒక్కొక్కరి కాలివేళ్లూ ఆ మెట్టుకి కొట్టుకున్నాయి. ప్రయాణం బడలిక అనుకుని ఎవరి గదికి వాళ్లు పోయారు. ఆ రాత్రి కూడా సోఫా మీదే ఉన్న ఇంజనీరు అది చూసి కూడా కిమ్మనలేదు. పొద్దున్నే అందరి ఎదుటా చెప్పి మెప్పు కొట్టేద్దామని ఆయన ఆశ.

పొద్దున ముందుగా మామయ్య దిగాడు, కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ. ఆయనకి డ్రైవింగ్ స్కూలు ఉంది. అక్క ఇల్లంటే సొంతిల్లే, ఆ మెట్లు కళ్లు మూసుకుని దిగగలడు. కింద బావగారు ఫోన్ కెమెరా పట్టుకుని, మొహమంతా నవ్వు పులుముకుని నిలబడ్డాడు.

"ఏంటి బావా, పొద్దున్నే వీడియో?"

"నువ్వు దిగు, నువ్వు దిగు. దిగాక చెప్తా."

దిగాడు. నాలుగో మెట్టు అనుకున్నదానికంటే ముందే కాలికి తగిలింది. మూడోది అనుకున్నదానికంటే కింద ఉంది. ఎడమ పాదం లోపలికి మడతపడి, మనిషి హాల్లో బోర్లా పడ్డాడు. తాళాలు సోఫా కిందికి పోయాయి. వీడియో మాత్రం చక్కగా వచ్చింది.

"చచ్చాన్రా నాయనో!"

"ఎలా పడ్డావయ్యా?" అన్నాడు ఇంజనీరు, చెయ్యందించాలన్న ధ్యాసే లేకుండా. "ఇప్పుడక్కడ పడ్డానికి వీల్లేదే!"

"పడ్డానికి నీ పర్మిషన్ కావాలా బావా?"

పైన ఉన్న తల్లికి ఆ కేక వినిపించింది. చూడకుండానే అర్థమైంది. "ఆ దిక్కుమాలిన మెట్టేనా? ఇంట్లోవాణ్ణి కూడా పడేసిందా? ఇన్నాళ్లూ చెప్పానా లేదా!" అని పిల్ల షూ చేత్తోనే పట్టుకుని బయల్దేరింది. కోపంలో ఉన్నా జాగ్రత్తగానే దిగింది పాపం. ఐదో మెట్టు మీద ఆగి, చుట్టాలకి రోజూ చెప్పే హెచ్చరిక తనకి తానే చెప్పుకుంది. రాబోయే మెట్టు పల్లం. మోకాలు బాగా వంచి, బరువంతా ముందుకి వేసి, కాలు పెట్టింది. అంత జాగ్రత్త పడకపోయి ఉంటే బతికిపోయేదేమో. కుడి చీలమండ మెలిక తిరిగి, రెండో మెట్టు మీద చతికిలపడింది.

"నువ్వు కూడానా!" ఇంజనీరు తల పట్టుకున్నాడు. "అదేంటే! ఆ మెట్టు సరిచేయించాను కదా! ఇప్పుడది కరెక్టు!"

మామయ్య మూలగడం మానేశాడు.

"ఎప్పుడు?" అంది ఆవిడ.

"మీరు ఊళ్లో లేనప్పుడు. సర్‌ప్రైజ్ ఇద్దామని."

"ఏళ్ల తరబడి మొత్తుకుంటే కదలని మనిషికి పిల్ల ఎంపిక ముందే ముహూర్తం దొరికిందా? చేస్తే చేశారు, చెప్పి చావొచ్చుగా!"

"చెప్తే సర్‌ప్రైజ్ ఏముంటుందే?"

ఆవిడ చేతిలోని షూ విసిరింది. ఆయన తప్పుకున్నాడు. అది మిడత దూకే షూ అని విసిరాక గుర్తొచ్చింది. "దుమ్ము దులిపి జాగ్రత్తగా అక్కడ పెట్టండి!" అని మళ్లీ అరిచింది.

ఈ అరుపులకి కిందిగదిలోంచి నానమ్మ వచ్చింది. పెద్దావిడ ఉత్త చేతులతో రాలేదు. గిన్నెలో నూనె పొగలు కక్కుతోంది. వస్తూనే మామయ్య కాలు ఒళ్లో పెట్టుకుని తోమడం మొదలుపెట్టింది. మామయ్య పెట్టిన కేకకి వీధిలో వాళ్లు కిటికీలు తెరిచారు.

"అత్తయ్యా! ఆ కాలు వదలండి!"

"వాచిందమ్మాయ్. తోమితే కదులుతుంది."

"లోపల ఎముకల్ని పట్టి ఉంచే తాళ్లు తెగి ఉంటాయి అత్తయ్యా! తెగినదాన్ని వేడిచేసి తిప్పితే అతుక్కుంటుందా? మొదట్లో కావాల్సింది చల్లదనం. రెండ్రోజులు నూనె వద్దు, వేడి వద్దు, తిప్పడం అసలే వద్దు. పోయినేడు దాని కాలికి చేసింది చాలదా మీకు?"

ఆ మాట ఏడాదిగా ఆవిడ గొంతులో ఉంది. ఇప్పుడు బయటపడింది. నానమ్మ చేతులు ఆగిపోయాయి.

"అంటే పిల్ల కాలు నేనే పాడుచేశానంటావా?"

"అవును!"

పెద్దావిడ ఇంకో మాట లేకుండా గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ వెళ్లడం చూసి కోడలికి చివుక్కుమంది. కానీ కోపం జోరు మీద ఉంది, వెనక్కి పిలవలేదు. కూర్చున్నచోటే తమ్ముడి కాలు పట్టుకుని ఎముక మీద వేలితో నొక్కి చూసింది. తన కాలూ అలాగే చూసుకుంది. ఇద్దరూ గోడ పట్టుకుని నాలుగడుగులు వెయ్యగలిగారు. "ఎముకకేం కాలేదు. బెణుకే. ఏమండీ, పైన నా బీరువాలో కట్టు గుడ్డలున్నాయి, పట్టుకురండి. ఫ్రిజ్‌లో ఐసు తియ్యండి. మెట్టు దగ్గర జాగ్రత్త!"

"నాకు చెప్తావా? కట్టించిందే నేను" అని ఇంజనీరు పైకెళ్లాడు. దిగేటప్పుడు నిజంగానే జ్ఞాపకం పెట్టుకున్నాడు. "నాలుగోది ఇప్పుడు సమానం, సమానం" అని పైకే అనుకుంటూ దిగాడు. ఆయనకి తెలుసు. ఆయన కాళ్లకి తెలియదు. ఇన్నేళ్ల అలవాటుకొద్దీ మోకాలు వంగింది, కట్టు గుడ్డలు మూడువైపులా దొర్లాయి, ఇంజనీరు చీలమండ మడతపెట్టుకుని బావమరిది పక్కన వచ్చి పడ్డాడు.

"ఇప్పుడు చెప్పు బావా," అన్నాడు మామయ్య, "ఇక్కడ పడ్డానికి వీలుందా లేదా?"

అదే సమయానికి హాల్లో ఫోన్ మోగింది. ముగ్గురిలో ఎవరూ లేవలేరు. నానమ్మ వచ్చి తీసింది. అటువైపు కోచ్, మైదానంలోకి దిగబోతూ, బయల్దేరారా అని అడుగుతున్నాడు. పెద్దావిడ కోడలివైపు చూడలేదు. పిల్ల కాలు తనవల్లే పాడైందన్న మాట ఇంకా ఆవిడ చెవుల్లో గింగురుమంటోంది. ఈసారి పిల్ల కాలికి ఏం కాకూడదు, ఏం చేసైనా సరే.

"కాళ్లు బెణికాయి నాయనా," అంది ఫోన్‌లో. "ఈ ఇంట్లోంచి పిల్లని ఇవాళ కదలనివ్వను. రాదు. పెట్టేస్తున్నా."

పెట్టేసింది. మళ్లీ కోచ్‌కి చేస్తే ఎత్తడే. మైదానంలో దిగాడంటే ఫోన్ జేబులోంచి తియ్యడని అందరికీ తెలుసు. పోయినేడు కాలు విషయం దాచిన పిల్ల మీద ఆయనకి అసలే గురి లేదు. ఇవాళ కాళ్లు బెణికాయని పెద్దావిడే చెప్పాక, పేరు కొట్టేసి ఇంకొకరిని రాసుకుంటాడు.

"ఏమైంది? నేను దిగనా?" పైమెట్టు మీద మిడత ప్రత్యక్షమైంది.

"కదలకు!" కింద ముగ్గురూ ఒక్క గొంతుతో అరిచారు.

"నేను నిచ్చెన తెప్పిస్తా," అన్నాడు ఇంజనీరు నేలమీద నుంచి. "కిటికీలోంచి దింపుదాం."

"మీరు నోరు మూసుకోండి!"

"ఇసక గుంటలోకి అంత దూరం దూకేదాన్ని, నన్ను మెట్లు దిగనివ్వరా?" పిల్లకీ తల్లి కోపమే వచ్చింది. "నన్ను చూస్తే మీకు గాజుబొమ్మలా ఉన్నానా? తప్పుకోండి!"

దిగింది. నాలుగో మెట్టు మీద మిడత పాదం కూడా తడబడింది. మూడోదాని మీద పక్కకి వాలింది, అందరి పాదాలూ వాలినట్టే. వాలి, ఆగి, తనంతట తనే నిలదొక్కుకుంది. పిల్లకి ఆ సంగతే తెలియలేదు, దిగి షూ ఏరుకుంటోంది. తల్లి మాత్రం చూసింది. ఏడాది పొడుగునా చేసిన ఒంటికాలి తపస్సు ఆ అరక్షణంలో కనబడింది. ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, "నిలబడి చూస్తారేంటి అందరూ, లేవండి!" అని ఒంటికాలి మీద లేచింది. రెండో కాలు ఎలాగూ పనిచెయ్యడం లేదు.

కారు ఎవరు నడపాలి? మామయ్యకి ఎడమకాలు పోయింది, క్లచ్ తొక్కలేడు. ఆవిడకి కుడికాలు పోయింది, బ్రేకు తొక్కలేదు. ఇంజనీరుకి డ్రైవింగే రాదు. మామయ్య దగ్గర నేర్చుకోబోయి తగువు పెట్టుకుని మానేశాడు. అయితే అది డ్రైవింగ్ స్కూలు కారు. నేర్పేవాడి కోసం పక్కసీటు ముందు కూడా కాళ్ల దగ్గర ఒక క్లచ్చూ ఒక బ్రేకూ ఉంటాయి.

"అక్కా, నువ్వు పక్కన కూర్చో. నేను క్లచ్ అన్నప్పుడల్లా నీ ఎడమకాలితో తొక్కు."

ఏ పేషెంటైనా ఇలాంటి పని చేస్తే ఆవిడ చెడామడా తిట్టి పంపేది. ఇప్పుడు మారుమాట్లాడకుండా ఎక్కి కూర్చుంది. అప్పటికే ముగ్గురి చీలమండలకీ కట్లు కట్టేసింది, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టేసింది. ఇంజనీరు వెనకసీట్లో చేరాడు.

"కాలు వేలాడేసుకుని కూర్చోకండి. గుండె కంటే ఎత్తులో పెట్టాలి."

"ఎక్కడ పెట్టను?"

"ఎక్కడో అక్కడ!"

ఆయన వెతికి వెతికి ముందుసీట్ల మధ్యనుంచి కాలు చాపాడు. అది సరిగ్గా ఆవిడ చెవి పక్కకొచ్చింది. దారి పొడుగునా ఐసు కరిగి ఆవిడ భుజం మీద చుక్కలు చుక్కలుగా పడుతూనే ఉంది. ఎత్తులో పెట్టమంది తనే, ఏమనగలదు?

"క్లచ్! వదులు. వదులు. మెల్లగా వదలక్కా! మళ్లీ క్లచ్!"

"అరవకురా! అర్థమవుతోంది!"

"మొదటిరోజు వచ్చినవాళ్లందరూ ఇదే మాటంటారు!"

సిగ్నల్ దగ్గర బండి మూడుసార్లు ఆగిపోయింది. వెనకవాళ్లు హారన్లు కొట్టి, నేర్చుకునేవాళ్ల బోర్డు చూసి, జాలిపడి పక్కనుంచి వెళ్లారు. నేర్పేవాడూ, నేర్చుకునేదీ ఒకరినొకరు తిట్టుకుంటుంటే, మధ్యలో ఎవరిదో పాదం కిరీటంలా ఊగుతుంటే, పోలీసాయన కూడా ఆపడానికి జంకాడు.

స్టేడియంలో కోచ్ దూరం నుంచే చూశాడు. మేనమామ కుంటుతున్నాడు, తల్లి గెంతుతోంది, తండ్రి ఇద్దరి భుజాలూ పట్టుకుని కాలు ఈడ్చుకుంటున్నాడు. ఆయన మొహం ఎర్రబడింది.

"ఈ అమ్మాయిది కూడా చూపించండి. ఏ కాలు?"

"నాకేం కాలేదు సార్."

"పోయినేడు కూడా ఇదే మాట అన్నావు. ఇప్పుడే వేరే అమ్మాయిని పిలిపించాను. కుటుంబమంతా కలిసి నన్ను వెర్రివాణ్ణి చేస్తున్నారా?"

"సార్!" ఆవిడ గెంతుకుంటూ ముందుకొచ్చింది. "కేకలు తర్వాత. దాన్ని పరీక్ష చెయ్యండి. ఒంటికాలి మీద నిలబెట్టండి. కళ్లు మూయించండి. ఒక్కొక్క కాలి మీదా గెంతించండి. పాదం వణికితే నేనే ఇంటికి తీసుకుపోతా. వణక్కపోతే మీరు నోరెత్తకూడదు."

మిడత షూ విప్పి, కళ్లు మూసుకుని కొంగలా నిలబడింది. కోచ్ చేతులు కట్టుకుని చూశాడు. నిలబడే ఉంది. చూసి చూసి ఆయనకే కాళ్లు పీకాయి. "సరే, సరే, వెళ్లి వార్మప్ చెయ్" అన్నాడు.

మొదటి జంప్‌లో కాలు గీత దాటి ఫౌలైంది. రెండోది మామూలు. మూడోదానికి పిల్ల పరుగెత్తుతుంటే తల్లి కళ్లు మూసేసుకుంది. పక్కన ఇద్దరూ కేకలు పెట్టాక తెరిచింది. జట్టులో ఆఖరి పేరు మిడతదే. "ఆఖరైతేనేం! పేరే కదా!" అని ఆవిడ ఎవరూ అడక్కుండానే అందరిమీదా కోప్పడింది.

ఇంటికొచ్చేసరికి నానమ్మ సోఫా ముందు మూడు పీటలు వరసగా వేసి, వాటి మీద దిండ్లు పెట్టి కూర్చుంది. చేతిలో ఐసు మూట.

"గుడ్డ చుట్టారా అత్తయ్యా?"

"చుట్టానమ్మాయ్. నువ్వు అరిచేవన్నీ నా చెవిన పడతాయిలే." పెద్దావిడ మనవరాలి పాదాలు ఒకసారి తడిమి చూసుకుంది, నూనె లేకుండా. కోడలు ఆ చెయ్యి పట్టుకుని, "పొద్దున నోరు జారాను" అంది.

ఆ వారంలో కోచ్ శిక్షణ శిబిరం వివరాలు చెప్పడానికి ఇంటికొచ్చాడు. పాతరోజుల్లో ఆ నాలుగో మెట్టు మీద రెండుసార్లు పడ్డ మనిషే. మిడత పతకాలు చూడ్డానికి పైకెక్కాడు. ఫోన్ మాట్లాడుకుంటూ, కిందికి చూడకుండా, ఈలవేసినంత సులువుగా దిగొచ్చాడు. సోఫాలో వరసగా కాళ్లెత్తుకు కూర్చున్న ముగ్గురూ ఆయన్ని కొరకొరా చూశారు.

"మెట్లు భలే సుఖంగా ఉన్నాయండీ," అన్నాడు ఆయన.

ఆ మర్నాడే మామయ్య అదే మెట్టు మీద అదే కాలితో మళ్లీ తడబడ్డాడు. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒకసారి బెణికిన చీలమండ మళ్లీ బెణకడానికి కాచుక్కూర్చుంటుందని ఆవిడకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అలాంటివి ఇంట్లో మూడున్నాయి. పిల్ల శిబిరానికి వెళ్లేదాకా నాలుగోది తయారవకూడదు.

"ఏమండీ, మేస్త్రిని పిలవండి. ఆ మెట్టు పల్లం చేయించండి."

"నువ్వేనా ఈ మాటంటున్నది?"

"నేనే! రేపట్నుంచి అందరూ ఒంటికాలి మీదే పళ్లు తోముకోవాలి, అది వేరే సంగతి. ముందు ఆ మెట్టు పాతదానిలా ఉండాలి."

"మరి చుట్టాలు?"

"పడితే పడనీ! కట్లు కట్టడం నాకు కొత్తా?"

మేస్త్రి వచ్చి మెట్టు ముందు గొంతుక్కూర్చున్నాడు. చేత్తో నిమిరాడు. "బంగారంలాంటి మెట్టు సార్. పాడుచెయ్యమంటారేంటి?"

"చెయ్యమన్నాను కదా!" అన్నాడు ఇంజనీరు, కర్ర మీద ఒరిగి. "డిజైన్ ప్రకారం చెయ్యి."

"మీ డిజైన్‌లో అన్నీ సమానంగానే ఉన్నాయి సార్. అది చూసే కదా సరిచేశాను." మేస్త్రి టేపు లాగాడు. "తప్పు ఎంత పెట్టమంటారో చెప్పండి."

ఇంజనీరు భార్యవైపు చూశాడు. ఆవిడ, బావమరిది, తల్లి, కూతురు, అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఈసారి ఫోన్ కూడా మోగలేదు.

"రెండు వేళ్లు," అన్నాడు మెల్లగా. "జాగ్రత్త, తేడా రాకూడదు."